వేట రోజు పరీక్ష

చదువుకుంటే పైకొస్తావని నాకు చెప్పినవాళ్ళు చాలామందే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మా ఊరు అరకు సంతబయలు నుంచి తలెత్తి చూస్తే మబ్బుల్లో ఉంటుంది. జీపు సగం కొండ దాకానే వస్తుంది, మిగతాది కాళ్ళ మీద ఎక్కాల్సిందే. ఇంకా పైకి ఎక్కడికి రమ్మంటారు, ఆకాశంలోకా?

అయినా చదివాను. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, మూడూ ముప్పై దాటాక చదివినవే. మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరి అదే అంగన్‌వాడీలో టీచరునయ్యాను. సూపర్‌వైజర్ని మాత్రం కాలేదు. పరీక్షకి ఎందుకు రాలేదని ఆఫీసులో అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పాను. అది శుద్ధ అబద్ధం. ఆ రోజు నేను గుండ్రాయిలా ఉన్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను, అంతే. ఎందుకు కూర్చున్నానో ఆఫీసువాళ్ళకి చెప్తే నవ్వుతారు. నవ్వితే నేను ఊరుకోను. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకే నా మొగుడు జ్వరంతో పోయాడు. కొండల్లో జ్వరమంటే ఏ జ్వరమో ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లల్లేరు. మా తమ్ముడు వచ్చి నా ట్రంకుపెట్టె భుజాన వేసుకుని, "పద అప్పా, మనింటికి పోదుం" అన్నాడు. అంతకు మించి ఒక్క ఓదార్పు మాట అనలేదు. వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేనే. అమ్మ అడవికి పోతే పొద్దస్తమానం వాడు నా నడుం మీదే ఉండేవాడు. నేను ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగి నడుస్తానని మా మరదలు ఎగతాళి చేస్తుంది. అది వాడి బరువే.

అలా తమ్ముడి ఇంట్లో చేరాను. వాడు, వాడి పెళ్ళాం, వాళ్ళకొక కొడుకు. ఊళ్ళో అంగన్‌వాడీకి ఆయా కావాలంటే నన్ను పెట్టారు. పొయ్యి రాజెయ్యడం, అన్నం పప్పు వండడం, గుడ్లు ఉడకబెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం, అదీ నా పని. టీచరమ్మ మైదానం మనిషి, విజయనగరం వైపు నుంచి వచ్చింది. బస్సు దొరికిన రోజు వచ్చేది, దొరకని రోజు రాదు. ఆవిణ్ణి నేనేమీ అనను. ఆ కొండెక్కడానికి ఆవిడ మోకాళ్ళు ఎంత ఏడ్చేవో నేను చూశాను.

నన్ను చదువులోకి తోసింది ఆవిడే. ఒకనాడు అరుగు మీద కూలబడి మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, "నానింక ఎన్నాల్లు ఎక్కుతానే ఈ కొండ? నాను రిటైరయ్యేలోగా నువ్వు పది పాసైపో. ఈ కుర్చీ నీదే. నేదంటే ఇంకో మోకాల్ల నొప్పుల్దాన్ని తెచ్చి ఏత్తారు" అంది.

"నానా? అయిదో క్లాసే సరిగ్గా సదవనేదు" అన్నాను.

"సదువుకి వయసేటే? మీ ఊల్లో కల్లు తాగడానికి వయసు సూత్తన్నారేటి?"

నవ్వాను గానీ, ఆ రాత్రంతా ఆ కుర్చీయే కళ్ళ ముందు ఆడింది. ఆవిడ తెలుగులో పాట పాడుతుంటే మా పిల్లలు ఆవిణ్ణి వదిలేసి నా మొహం చూసేవారు. వాళ్ళకి మా ఇంటి మాట తప్ప వేరే మాట రాదు. నేను మా మాటలో చెప్తే గానీ వాళ్ళకి పాట పాటలా వినిపించేది కాదు. ఆ కుర్చీలో నేనుంటే ఈ గుంటలకి బడంటే భయముండదు కదా అనిపించింది. నిజం చెప్పొద్దూ, జీతం కూడా గుర్తొచ్చింది.

ఆదివారం ఆదివారం అరకులో ఓపెన్ స్కూలు క్లాసులు జరిగేవి. హైస్కూలు పిల్లల బెంచీల్లో మా మోకాళ్ళు పట్టేవి కావు. నా పక్క బెంచీలో టైడా దగ్గర రైలు పట్టాల మీద పని చేసే ఆయన కూర్చునేవాడు. పది ఉంటే సొరంగాల్లో నడిచే పని తప్పుతుందని ఆయన ఆశ. వెనక ఒక జీపు డ్రైవరు. ఆఫీసు బండి తోలే పని కావాలంటే పది అడిగారట. లెక్కల మాస్టారు బోర్డు మీద ఎక్స్ అని రాసి, దీని విలువెంతో కనుక్కోండి అన్నారు. డ్రైవరు లేచి, "పెట్టినోడికి తెల్దేటి సార్ దాని విలువ? మమ్మల్నడుగుతారేటి?" అన్నాడు. మాస్టారితో సహా అందరం పడీ పడీ నవ్వాం. ఆ బెంచీల మీద నేను నవ్వినంతగా నా జీవితంలో ఇంకెక్కడా నవ్వలేదు.

తిరిగొచ్చేసరికి జీపు ఆగే చోట మా తమ్ముడు నిలబడి ఉండేవాడు. "కట్టెల కోసం వొచ్చినాను" అనేవాడు. చేతిలో ఒక్క పుల్ల ఉండేది కాదు. నా సంచీ లాక్కుని ముందు నడిచేవాడు. దారిలో, "ఈయేల ఏటి సెప్పినారు?" అని అడిగేవాడు. నేను గుండెకి ఎన్ని గదులో చెప్పేదాన్ని. "మనింటికంటే ఎక్కువే ఉన్నాయి" అని ఆశ్చర్యపోయేవాడు.

ఇక మా ఇటుకల పండగ సంగతి చెప్పాలి. అది చైత్రంలో వస్తుంది. ఆ ఏడు చల్లబోయే విత్తనాలు ఇంటింటి నుంచీ తెచ్చి దేవత ముందు పెడతాం. మగవాళ్ళు వేటకి పోతారు. వేట దొరికితే పంట పండుతుందని నమ్మకం. ఇప్పుడు అడవిలో ఏముంది గనక, కుందేలు కనిపిస్తే గొప్ప. అయినా పోవాలి. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళం పేడనీళ్ళు చల్లి నానా మాటలూ అంటాం. అదంతా సరదాయే. కానీ అందరూ కలిసి పోయే పెద్దవేట రోజుకి మా ఊరిదొక కట్టుంది. పక్క ఊళ్ళకి లేదు, మాకే ఉంది. వేటకి పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఇంటి ఆడమనుషులు పొలిమేర లోపలే ఉండాలి. ఒక్కతి దాటినా వేట దొరకదంటారు. లేదంటే వేటే మనిషిని పట్టుకుంటుందంటారు.

నా సైన్సు పరీక్ష సరిగ్గా పెద్దవేట రోజునే పడింది.

మిగతావన్నీ రాసేశాను, అదొక్కటే ఆఖరు. టీచరమ్మ ఆ వేసవిలోనే రిటైరవుతోంది. ఆ ఒక్క పరీక్ష తప్పితే ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. వాళ్ళు లేచేసరికి నేను ముసలిదాన్నయిపోతాను. ముందు దిసారి దగ్గరికి పోయాను. మా ఊళ్ళో మంచిరోజులు చూసి పండగ తేదీ పెట్టే పెద్దమనిషి ఆయన. పెద్దవేట ఒక్క దినం వెనక్కి జరపమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "పండగేటి ఆర్టీసీ బస్సేటే, నీకోసం ఆగడానికి?" అన్నాడు. తర్వాత అరకులో ఓపెన్ స్కూలు సారుని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పరీక్షంటే సంతనుకున్నావేంటమ్మా, ఈ వారం కాకపోతే పై వారం పెట్టుకోడానికి?" అన్నారు. ఒకరు గోచీ, ఒకరు ప్యాంటు, నోరు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ దభాలున పడేస్తుంటే మా తమ్ముడు చూశాడు. సంగతి విన్నాడు. విల్లుకి నారి బిగిస్తూనే, "నువ్వెల్లప్పా" అన్నాడు. "ఊల్లో ఆలు ఏటన్నా నాను సూసుకుంటాను. వేట దొరికినాదంటే ఎవుడు నోరెత్తుతాడు?"

నేను వెళ్ళాను. తెల్లారుతుండగా, వేట డప్పు మోగకముందే పొలిమేర దాటేశాను. పేపరు సులువుగా వచ్చింది. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. బయటికొచ్చి మేనల్లుడికని జిలేబీ పొట్లం కట్టించుకున్నాను. వాడికప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి, జిలేబీ అయితే చప్పరిస్తాడని.

జీపు దిగేసరికి ఆ చోట ఎవరూ లేరు. వేట నుంచి ఇంకా రాలేదు కాబోలనుకుని ఒక్కదాన్నే ఎక్కడం మొదలుపెట్టాను. సగం దారిలో పైనుంచి డోలీ దిగుతోంది. మోసేవాళ్ళందరూ మా వీధి మగవాళ్ళే. నన్ను చూసి ఎవరూ ఆగలేదు. "పక్కకి తప్పుకో" అని మాత్రం అన్నాడు ఒకడు. డోలీలో దుప్పటి కప్పిన మనిషి కాళ్ళు చూసి గుర్తుపట్టాను. నేను నడుం మీద మోసిన కాళ్ళు గుర్తుపట్టనా! వెనకాల మా మరదలు వస్తోంది. ఏడవడం లేదు. నన్నొకసారి చూసి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను తిరిగి వాళ్ళ వెనకే దిగాను. ఆ జిలేబీ పొట్లం ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు.

ఎలుగుబంటి పట్టింది వాణ్ణి. విశాఖ పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాడు. ప్రాణం దక్కింది. ఒక కన్ను పోయింది. ఆ పక్క చెంప కింది నుంచి పైకి లాగేసినట్టు కుట్టుకుపోయింది. నవ్వితే ఏడ్చినట్టుంటుంది.

వాడు ఇంటికొచ్చాక ఊరు కూర్చుంది. ఎవరూ నన్ను తిట్టలేదు, చెయ్యెత్తలేదు. అదే ఎక్కువ బాధ. తప్పు కట్టమన్నారు. ఒక మేక తెచ్చి దేవతకి కోసి ఊరందరికీ భోజనం పెడితే చాలు, ఆ సంగతి అక్కడితో సరి. మా ఊళ్ళో ఎంత తప్పయినా అలాగే తీరిపోతుంది. డప్పు మోగకముందే దాటాను కదా అని నేను వాదించాను. విత్తనాలు దేవత ముందు పెట్టిన సాయంత్రం నుంచే కట్టని దిసారి అన్నాడు. మా తమ్ముడు మొహానికి కట్టు విప్పకుండానే లేచి, "ఇచ్చేద్దుం అప్పా, ఒక మేకేగా" అన్నాడు.

నేను ససేమిరా అన్నాను. మేక ఇచ్చానంటే నా తమ్ముడి కన్ను నేనే పీకానని ఒప్పుకున్నట్టే కదా. పరీక్ష రాయడం తప్పా? పొట్టకూటి కోసం నాలుగు అక్షరాలు నేర్చుకోవడం తప్పా? "తప్పు సేత్తే కదా తప్పు కట్టడానికి" అని కొంగు దులుపుకుని లేచి వచ్చేశాను. దిసారి వెనక నుంచి, "అది సదువుకున్నాది, మనతోటి దానికేటి పని" అన్నాడు. అందరూ లేచి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

పది పాసయ్యాను. టీచరమ్మ మాట నిలబెట్టింది, ఆ కుర్చీ నాకే వచ్చింది. మొదటి రోజు తెల్లవారే లేచి కేంద్రం అలికి ముగ్గు పెట్టాను. గుడ్లు ఉడకబెట్టాను. కింద వీధిలో ఒడిశా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళున్నాయి, ఆ పిల్లలు వచ్చారు. మా వీధి నుంచి మా మేనల్లుడు తప్ప ఒక్క గుంటడు రాలేదు, ఒక్క గుంట రాలేదు.

వాళ్ళని తీసుకురావడానికి ఇల్లిల్లూ తిరిగాను. జ్వరం అన్నారు, నిద్దరన్నారు, అమ్మమ్మ ఇంటికి పోయిందన్నారు. అమ్మమ్మ అదే అరుగు మీద నా ఎదుటే కూర్చుని ఉండేది. తప్పు కట్టని నా చేత్తో వండింది పిల్లలకి పెట్టకూడదట. సరుకులు ఇంటికిస్తే మాత్రం తల్లులు వచ్చి పట్టుకెళ్ళేవారు. గుడ్లు కూడా తీసుకునేవారు, ఉడకబెట్టనివైతే. పచ్చి గుడ్డుకి పాపం అంటుకోదు కాబోలు! "ఓలమ్మా, కోడి కూడా నా మీద కోపంగా పెట్టినాదేమో సూసుకో" అని ఒకసారి ఒకామె మొహం మీదే అన్నాను. ఆమె కళ్ళు దించుకుని గుడ్లు కొంగులో మూటకట్టుకుని పోయింది. ఆమె కూతురు గుమ్మం చాటు నుంచి నన్నే చూస్తోంది. ఆ గుంటకి నేను పురుటినాడు నీళ్ళు పోశాను.

అలా ఏళ్ళు గడిచాయి. కేంద్రం మూతపడలేదు, కింద వీధి పిల్లలు దాన్ని నిలబెట్టారు. వాళ్ళ మీద నాకు ప్రేమ లేదని కాదు. కానీ ఏ పిల్లల కోసం ఆ కుర్చీ కోరుకున్నానో వాళ్ళు గోడ అవతల ఆడుకుంటుంటే, వాళ్ళ కేకలు వింటూ ఆ కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో నా శత్రువుకి కూడా తెలియకూడదు. చింత చచ్చినా పులుపు చావదంటారు, మేక మాత్రం ఇవ్వలేదు.

ఆ కోపంతోనే ఇంటర్ చదివాను. ఆ కోపంతోనే డిగ్రీ కట్టాను. తమ్ముడు మళ్ళీ జీపు దగ్గర కాపు కాసేవాడు, ఒంటి కన్నుతో. "ఈయేల ఏటి సెప్పినారు?" అని అడిగేవాడు. కానీ ఆ వేట రోజు గురించి వాడు ఒక్కనాడూ నోరు విప్పలేదు. నేనూ అడగలేదు. మా మరదలు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం నా కంచం కాస్త గట్టిగా పెట్టేది.

మేనల్లుడు పెరిగాడు. ఆశ్రమ పాఠశాలలో చదివి ఇంటర్‌కి వచ్చాడు. తండ్రి పోలిక, నా నోరు. మా అత్తనేమైనా అన్నారంటే పళ్ళు రాలతాయని సంతలో కుర్రాళ్ళతో కొట్లాడి చొక్కా చింపుకుని వచ్చేవాడు. పైకి తిట్టేదాన్ని గానీ లోపల నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఇంతలో సూపర్‌వైజర్ పోస్టులకి పరీక్ష పెడుతున్నారని తెలిసింది. డిగ్రీ ఉన్న టీచర్లు రాయొచ్చు. నా వయసుకి అదే ఆఖరు అవకాశం, మళ్ళీసారి పెట్టేసరికి నేను పనికిరాను. వస్తే జి.మాడుగుల వైపో ఇంకెటో వేస్తారు. ఎటు వేసినా సరే. అక్కడ నేనెవరో తెలియదు. నేను గుమ్మంలోకి పోతే పిల్లల్ని కొంగు చాటుకి లాక్కునే తల్లులు ఉండరు. నాకు పదవి మీద మోజు లేదని అనను, ఉంది. దానికంటే ఎక్కువగా ఆ ఊరి నుంచి బయటపడాలని ఉంది.

పరీక్ష పాడేరులో. తేదీ చూడగానే నవ్వాను. నవ్వాక ఏడ్చాను. మళ్ళీ పెద్దవేట రోజే!

పాత దిసారి పోయాడు. ఆయన కొడుకు ఇప్పుడు దిసారి. పండగ తేదీలు ఫోన్లో మెసేజి పెడతాడు. అడిగితే, "మా అయ్య మార్సనేదు, నానెలగ మారుత్తానప్పా?" అన్నాడు. ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి, "తేదీ రాష్ట్రం మొత్తానికీ ఒకటే మేడమ్" అని పెట్టేసింది. నాకేం కొత్త? వెళ్దామనే నిశ్చయించుకున్నాను. ఇంకా పోగొట్టుకోవడానికి ఆ ఊళ్ళో నాకేం మిగిలింది గనక.

రెండు రోజుల ముందు మధ్యాహ్నం వాకిట్లో మిరియాలు ఎండబోస్తున్నాం, తమ్ముడూ నేనూ. వాడు గింజలు చేత్తో నెరుపుతూ, తల ఎత్తకుండానే, "అప్పా, పరీచ్చకి ఎల్తావేటి?" అన్నాడు.

"ఎల్తాను. ఎల్లకేటి? ఇన్నేల్లకి నువ్వు కూడా ఆలలాగే నమ్ముతన్నావేటి?"

"నమ్మను" అన్నాడు. "ఆ దినం దేవత నన్నేటీ సెయ్యనేదు. నాకు నానే పోనాను."

నాకు అర్థం కాలేదు. వాడే నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నానికే అందరూ ఇక లాభం లేదు, దిగిపోదామన్నారట. ఒక్క ఉడత కూడా దొరకలేదట. "ఉత్త సేతుల్తో దిగితే నీ మీద పడిపోతారని తెలుసు. ఆలని ముందు దిగమని నానొక్కన్నే ఎనక్కి పోనాను. రాల్లల్లో గుయ్యి ఉంటే దూరినాను. లోన ముల్లపంది అనుకున్నాను. పిల్లలతోటి ఎలుగు ఉన్నాది."

"ఇన్నేల్లూ ఎందుకు సెప్పనేదురా?"

"సెప్తే నువ్వు సదువు మానేద్దువు."

అది నిజం. నేను మానేసేదాన్నే. వాడి చెంప మీద కుట్ల వంక చూడలేక వాకిట్లో చాప వంక చూశాను. "మరిప్పుడెందుకు సెప్తన్నావు?" అన్నాను.

"ఇప్పుడు గుంటడు ఎల్తన్నాడు. ఆడికిదే మొదటి పెద్దవేట. నిన్న సావాసగాల్లతోటి అంతన్నాడు, మా అత్త పరీచ్చకెల్లినా సరే నాను ఉత్త సేతుల్తో దిగను, దిగితే అడగండి అని."

"ఆపు ఆన్ని."

వాడు అప్పుడు తల ఎత్తాడు. "ఆపితే ఆగుతాడేటి అప్పా? నువ్వాగినావా? నానాగినానా?"

నేను లేచి పెరట్లోకి పోయాను. ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. దిసారి మీద, ఊరి మీద, కట్టు మీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకుని బతికాను. అది నాకు కర్రలా ఉండేది, ఆనుకుని నడిచాను. వాడు ఒక్క మాటతో అది లాగేశాడు. మా వాణ్ణి దేవత పట్టలేదు, నా మీద వాడికున్న ప్రేమ పట్టింది. మరి అలాంటప్పుడు ఎవరితో పోట్లాడను?

పెద్దవేట నాటి పొద్దున మేనల్లుడు విల్లు భుజాన వేసుకుని నా ముందుకొచ్చాడు. "నువ్వింకా బయల్దేరనేదేటి అత్తా?"

"పరీచ్చ వాయిదా పడిపోనాదిరా" అన్నాను.

"నిజవేనా?"

"నీకు నాను అబద్దం సెప్తానేటి? పేడనీల్లు కలిపి ఉంచుతాను. ఉత్త సేతుల్తోనే బేగి వొచ్చీ, నీ జిమ్మడ."

వాడు నవ్వుకుంటూ పోయాడు. డప్పు అడవి వైపు వెళ్ళి వినబడకుండా పోయింది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేవేళకి పాడేరులో పేపరు ఇచ్చి ఉంటారనుకున్నాను. రాసేవాళ్ళు రాస్తుంటారు. నేను చదివినవన్నీ నోట్లో తిరుగుతున్నాయి. పిల్లల బరువు, తల్లుల రక్తం, టీకాల వరస. మా మరదలు చోడి అంబలి తెచ్చి నా పక్కన పెట్టింది. ఈసారి చప్పుడు కాలేదు. "తాగు వొదినా" అంది. అన్నేళ్ళలో ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదలు.

సాయంత్రం అందరూ వచ్చారు. ఉత్త చేతులతో వచ్చారు. మా వాడు మధ్యలో నడుస్తున్నాడు, మోకాలు మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. నేను పేడనీళ్ళ కుండ ఎత్తి వాడి నెత్తి మీద గుమ్మరించాను. ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు, వాడు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. నేను ఊళ్ళోనే ఉన్నా వేట దొరకలేదు. ఆ సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. దిసారి నా దగ్గరికొచ్చి, "సూసినావా అప్పా, నువ్వున్నావు, అందరూ సల్లగా ఇంటికి వొచ్చినారు" అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. జవాబు నాలిక చివరి దాకా వచ్చింది. మేనల్లుడి తడిసిన తల చూసి మింగేశాను.

మర్నాడు కేంద్రం తలుపు తీసి, రోజూలాగే కింద వీధి పిల్లలకి సరిపడా గుడ్లే పొయ్యి మీద పెట్టాను. తిరిగి చూసేసరికి గుమ్మంలో మా వీధి తల్లులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చంకలో ఒకరు, చేతికొకరు. అప్పట్లో పచ్చి గుడ్లు కొంగులో మూటకట్టుకుపోయినామె ఇప్పుడు పెద్దకొడుకు కూతుర్ని నడిపించుకొచ్చి, "మా గుంటకి కూడా ఒక గుడ్డెట్టు అప్పా" అంది. ఈసారీ దాటుతుందనుకున్నది దాటలేదు, వాళ్ళకి అదే చాలింది. ఎవరూ మేక మాట ఎత్తలేదు. దాని బదులు నేను పరీక్షనే ఇచ్చేశానని వాళ్ళకి తెలియకుండానే లెక్క సరిపోయింది. మేకే చవగ్గా పోయేది.

పిల్లలు వచ్చి గోడ వారగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. టీచరునయ్యాక ఆ గదిలో అంతమందిని నేనెప్పుడూ చూడలేదు. కంచాలు చాలక ఆకులు కోసుకొచ్చి వేశాను. ఒక్కొక్కరే నా వంక చూసి చెయ్యి చాపుతున్నారు. ఆ రోజు గుడ్లు చాలలేదు.